మబ్బు కమ్మిన మూడు రోజులు

బల్మూరు దగ్గర చిన్న కుంటలో చేపలు పెంచడం తప్ప కురుమూర్తికి మరో విద్య రాదు. కుంటనీళ్లు చిక్కటి పచ్చగా ఉండాలని అతని పట్టుదల. అందుకని ఎండాకాలమంతా కూతురు భాగ్యమ్మతో కలిసి పెంట మోసి నీళ్లలో పోసేవాడు. ఊళ్లోవాళ్లు ముక్కులు మూసుకుంటే, "మీకేం తెలుస్తది, పోండ్రి!" అని కసిరేవాడు.

అతనికింత ధైర్యం నూరిపోసింది నాగర్‌కర్నూల్ బడిలో పాఠాలు చెప్పే ఖాజా మియా. ఒకసారి కుంటనీటి చుక్కను బడిలోని ఖుర్దబీన్ అనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నాడు. అద్దంలో పచ్చటి నలుసులు! ఒక్కోదానికీ ఒకే కణం, ఒంట్లో ఎర్రచుక్క. తోకలాడిస్తూ వెలుగు వైపు ఈదుతున్నాయి.

"ఆ ఎర్రచుక్కతోనే వెలుగు పసిగడ్తయి. చెట్ల ఆకుల లెక్కనే ఎండతోని బువ్వ చేసుకుంటయి, నీళ్లల్ల ఊపిరి విడుస్తయి. గా ఊపిరితోనే నీ చేపలు బతుకుతున్నయి," అన్నాడు మియా. కురుమూర్తి మురిసిపోయాడు.

ఆ ఏడు కరువు. భాగ్యమ్మ మొగుడు వెంకట్రాములు బొంబాయి దిక్కు మన్నుపనికి పోయే గుంపులో తమ ఇద్దరి పేర్లూ రాయించాడు. "చేపలు దక్కితే ఈడనే ఉంటం మామా, లేకుంటే పోతం," అన్నాడు. కురుమూర్తికి ఉన్నది ఒక్కతే బిడ్డ. సోమవారం వల వేద్దామనుకున్నారు.

ఆదివారమే మబ్బు కమ్మింది. పాలమూరులో మబ్బంటే దేవుడే కదా! తొలి మబ్బు కమ్మితే చినుకు రాలేదాకా వల దించకూడదని చేపలు పట్టేవాళ్ల కట్టుబాటు.

"నాయినా, నీ కాళ్లు మొక్కుత, గుంపు ఈ వారమే కదుల్తది, గిప్పుడే వల ఏద్దం," అని భాగ్యమ్మ బతిమాలింది.

"గంగమ్మకు కోపం తెప్పిస్తమా బిడ్డా? వాన పడనీ, జర ఓపిక పట్టు."

మూడు రోజులు ఎండ పొడ లేదు. చినుకూ రాలలేదు, పాడు మబ్బు! నాలుగోనాడు తెల్లారేసరికి చేపలన్నీ పొట్టలు తేలేసి ఉన్నాయి. కురుమూర్తి మొలలోతు నీళ్లలో దిగి ఒక్కోదాన్నీ చేత్తో ఊపి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

ఆ వారమే భాగ్యమ్మ మొగుడి వెంట గుంపుతో వెళ్లిపోయింది. ఆర్నెల్లకు, వాంతులు, విరేచనాల గత్తర పట్టి అక్కడే పోయిందని కబురొచ్చింది.

పలకరించడానికి వచ్చిన ఖాజా మియా గడపలోనే కూలబడ్డాడు. "నీకు సగమే చెప్పిన కురుమూర్తీ. ఎండ లేకుంటే ఆ పచ్చవి ఊపిరి ఇయ్యవు, మన లెక్కనే పీల్చుకుంటయి. నీళ్లల్ల ఉన్నదంతా అవే తాగినయి."

కురుమూర్తి మియా దగ్గరికి జరిగాడు. "నా బిడ్డ అడిగిననాడే వల ఏసుంటే?"

అబద్ధం చెప్పడం మియాకు చేతకాదు. "చేపలు దక్కుతుండె. బిడ్డ ఈడనే ఉంటుండె," అన్నాడు.

ఆ తర్వాత కురుమూర్తి పదేళ్లు బతికాడు. మబ్బు పట్టిందంటే ఊరంతా సంబరంగా బయటికొచ్చేది. అతను మాత్రం లోపలికి పోయి తలుపేసుకునేవాడు.