చీమలకు పిండి, చిక్కుడుకు పేను

మా అత్తమ్మ పెరట్లో పురుగూ పుట్రకు ఆమే కోర్టు, ఆమే జడ్జీ. దేవుళ్లతో ఏ కొంచెం చుట్టరికం ఉన్నా ఆ ప్రాణికి శిక్ష ఉండదు. ఉడుత జామకాయలన్నీ కొరికి పారేసినా, రాముడు వీపు నిమిరిన జీవి కాబట్టి చెల్లిపోయేది. ఎలుక మాత్రం వినాయకుడి వాహనమైనా బోనులో పడాల్సిందే, ఎందుకంటే అది ఆమె బియ్యం జోలికి వచ్చింది. లాల్‌దర్వాజాలోని ఆ అద్దె ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన నాకు ఈ న్యాయం అంతుపట్టక ఒకసారి అడిగాను. "గవన్ని నీకెందుకే, పోయి నీళ్లు చేదు" అన్నది.

అప్పటికి మామయ్యకు రెండు కండ్లలో పొర కమ్మి, కాయితాలు కనబడక కచేరీ గుమాస్తా పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. చలికాలంలో ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టర్లు. అత్తమ్మ వానాకాలంలోనే సూర్యుడికి మొక్కుకుంది. చూపు వస్తే రథసప్తమి నాడు తన చేత్తో పెంచిన చిక్కుడు ఆకుల్లో పాయసం పెడతానని. ఆకులు బజార్లో కొనేది లేదు. గింజ నాటి, పందిరి వేసింది. దాంతో ఆగలేదు. ఆ కండ్ల కోసమే ప్రతి శనివారం చీమలకు గోధుమపిండి, చక్కెర కలిపి వేసేది. ఎక్కడ? సరిగ్గా చిక్కుడు మొదట్లో. రెండు పుణ్యాలూ ఒక్కచోట ఉంటే పైవాడికి చూసుకోవడం సులువని ఆమె లెక్క.

ఆపరేషన్ అయింది, కట్లు విప్పారు, కొన్నాళ్లకు అద్దాలు వచ్చాయి. సీసా అడుగుల్లా మందంగా ఉండేవి. "కనబడుతున్నదా?" అని అడిగితే "మంచిగనే కనబడుతున్నది, ఫికర్ చెయ్యకు" అనేవాడు. అయితే ఆ మాట ఆపరేషన్‌కు ముందు కూడా అనేవాడు, అని పోయి తలుపుకు గుద్దుకునేవాడు. అందుకే అత్తమ్మకు నమ్మకం కుదరలేదు. చాటుగా నన్ను అడిగేది, "నిజంగ కనబడుతున్నదంటవా?" అని. నాకు మాత్రం ఏం తెలుసు?

ఇంతలో చిక్కుడుకు పేను పట్టింది. ఆకుల అడుగున నల్లగా, జిగటగా, చూస్తేనే ఒళ్లు జలదరించేటట్టు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. కాడల మీద చీమలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. అక్కడక్కడా ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలున్న చిన్న పురుగులు. అత్తమ్మ తీర్పు ఆలస్యం కాలేదు. చీమలు తాను సాకినవి, అవి నిర్దోషులు. తప్పంతా ఎర్ర పురుగులది. వాటిని ఏరి గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, పోసిన డబ్బాలో వేసే పని నాది. నేనేమీ జాలిగుండె దాన్ని కాదు, కసిగా ఏరాను. ఏరిన కొద్దీ తీగ ఇంకా వాడింది.

"అత్తమ్మా, నాకు ఈ చీమల మీదనే అనుమానం" అన్నాను ఒకరోజు.

ఆమె ముఖం పాలిపోయింది. "చీమలనేమన్న అంటె మీ మామకు చూపు రాదే" అన్నది మెల్లగా. నేను మళ్లీ డబ్బా అందుకున్నాను.

మరునాడు పొద్దున మామయ్య ఎండ కోసం పందిరి పక్కన స్టూలు వేసుకుని, అద్దాలు ఆకుకు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నేను డబ్బా తీసుకుని పోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. ఎర్రది పేనును తింటున్నది. చీమలొచ్చి దాన్ని తరుముతున్నయ్. పేను ఎనక నుంచి తీపి బొట్టు కారుతది, చీమలు అది తాగుతున్నయ్. పాలిచ్చే బర్రెలను కాసినట్టు కాస్తున్నయ్ పేనును."

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "గంత సన్న పురుగు మీకు కనబడ్డదా? ఊకె నా మనసు కోసం చెప్పకుండ్రి."

మామయ్య తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నీ ముక్కుపుడక రాయి ఎన్నడు ఊడింది?" అన్నాడు.

అది ఊడిపోయి చాలా కాలమైందట. కనబడని మనిషికి చెప్పి ఏం లాభమని చెప్పలేదట. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చింది. నాకూ కండ్లలో నీళ్లు ఆగలేదు.

తర్వాత ఆమే లేచి, పిండి గిన్నె తీసుకుపోయి చీమలకు ప్రహరీ అవతల వేసింది. నేను పేను మీద బూడిద చల్లాను. రథసప్తమి ఇంకా దూరమే ఉంది. కానీ ఆమె ఆగితేనా? ముడుచుకోని ఆకులు మామయ్యనే వెతికి కోయమన్నది, జిగట కడిగింది, ఆ పూటే పాయసం వండి ఎండలో పెట్టింది.

"ఇంకా పండుగ రాలే గద అత్తమ్మా" అన్నాను.

"పండుగకు మళ్ల వండుత తియ్" అన్నది.