గడీ కుక్కను సాకిన నా కొడుకు

నా కొడుకు పోయాడన్న కబురు నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. సూర్యాపేట దవాఖాన నుంచి బండి తిరిగొచ్చింది. పోయేటప్పుడు ఎడ్లను ఉరికించిన మనిషి, వచ్చేటప్పుడు పగ్గాలు వదిలేసి కూర్చున్నాడు. ఎడ్లు వాటి ఇష్టానికి నడుస్తున్నాయి. వాకిట్లో నిలబడి ఆ నడక చూశాను. ఇంకేం చెప్పాలి? బండి మా గుమ్మం ముందు ఆగకముందే పక్కింటి అరుగు మీద నుంచి ఒక ఆడమనిషి అన్నది: "దొర కుక్క కోసం పాణం తీసుకున్నడు, పిచ్చోడు."

చచ్చిన నా కొడుకు గురించి నా చెవిన పడ్డ మొదటి మాట అది. వాణ్ణి బండిలోంచి దింపకముందు. ఆ మాట అన్నదెవరో నాకు తెలుసు, పేరు రాయను. ఆమెకు చదువు రాదు, కానీ ఆమె పిల్లలకు వచ్చు. వాళ్లు చదివి వినిపించాలనే రాస్తున్నాను. నాకు ఈ నాలుగు అక్షరాలు నేర్పింది నా కొడుకే, మంద కాడ మట్టిలో పుల్లతో గీసి.

ఇప్పుడు ఊరంతా ఒకటే పాట. బంగారంలాంటి పిల్లగాడు, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. అవును, అనేవాడు కాదు. అనిపించుకున్నాడు. ఏడాది పొద్దు మీ అందరిచేత అనిపించుకున్నాడు.

చదివేవాళ్లకు మా ఊరు తెలియదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మాది చివ్వెంల దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. నా పెనిమిటి వీడు చంటివాడుగా ఉన్నప్పుడే పోయాడు. వీడికి పన్నెండేళ్లు వచ్చేసరికి దొర ఉండే గడీ నుంచి పిలుపొచ్చింది. గడీవాళ్లు పిలిస్తే వెట్టికి పోవాలి, ఎందుకని అడగకూడదు. వీడికి కుక్కల పని ఇచ్చారు.

ఆ కుక్కలు మన ఊరకుక్కల్లాంటివి కావు. దొర ఎక్కడి నుంచో తెప్పించిన సీమ కుక్కలు. పొడుగు కాళ్లు, పిడికిట్లో పట్టేంత నడుము, సూది మూతి. మిర్యాలగూడ నుంచి దొర చుట్టాలు కార్లలో వచ్చేవారు. ఎండిన చెరువులో కుందేలును వదిలి, దాని వెనక కుక్కలను వదిలి, కుర్చీల్లో కూర్చొని పందేలు కాసేవారు. నా కొడుకు వాటి కాళ్లకు నూనె రుద్దాలి, పాదాల్లో ముళ్లు తీయాలి, మాంసం ఉడికించాలి. ఆ మాంసం ఎవరిది? మాదే. ఏటా మందలో మంచి గొర్రెను గడీకి తోలాలి కదా. నేను చేతులతో పెంచిన గొర్రెను నా కొడుకు చేతే కోయించి, నా కొడుకు చేతే కుక్కలకు పెట్టించారు. వాడికి మాత్రం జొన్న గటక, అది కూడా మిగిలితే.

దొరల మీద ఊళ్లు తిరగబడ్డ యేడు మా దొర గడీకి తాళం వేసుకొని పట్నం పారిపోయాడు. ఉరికే కుక్కలను కార్లో ఎక్కించుకున్నాడు. ఉరకలేని రెండింటిని వదిలేశాడు. జనం తాళం పగలగొట్టి లోపలికి పోయారు. దొర దొరకలేదు, కుక్కలు దొరికాయి. ఒకదాన్ని అక్కడికక్కడే కొట్టి చంపారు. అబద్ధం ఎందుకు, నేనూ ఒక రాయి వేశాను. రెండోదాన్ని నా కొడుకు గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు మెడ మీద వేసుకొని, అంతమంది మధ్యలోంచి ఇంటికి నడిచొచ్చాడు.

"ఏందిరా ఇది? నెత్తి మీద శని?" అన్నాను.

"ముసల్దయిందమ్మా. ఎనక కాలు చెడ్డది. ఇగ ఉరకది."

"ఉరకకపోతే నాకేంది! నా గొర్రెలను తిన్నదిరా అది. ఏయే గొర్రెను తిన్నదో గుర్తులు సెప్పనా?"

"దొర తినబెట్టిండు, తిన్నది. ఉడకబెట్టిందయితే నేనే. మరి నన్ను గూడ ఎల్లగొడుతవా?"

వాడితో అలా మాటకు మాట గెలవలేకపోయేదాన్ని. అప్పుడు వాడికి ఇరవై రెండేళ్లు.

ఆ కుక్కకు ఇల్లంటే తెలియదు. గడప దాటడం కూడా రాదు. ముందు కాళ్లు లోపల, వెనక కాళ్లు బయట పెట్టుకొని గజగజ వణికేది. గడీలో దాని పేరు బిజిలీ. ఆ పేరుతో పిలిస్తే చాలు, చెవులు నిక్కించి కుందేలు కోసం చుట్టూ వెతికేది. అందుకని వాడు ఆ పేరు మాన్పించి "ముసలమ్మా" అని పిలిచేవాడు. వాడు పిలిస్తే నేనూ పలికేదాన్ని. "నిన్ను గాదే, ఇంకో ముసలమ్మను," అని నవ్వేవాడు.

దాని ఒంటి మీద వెంట్రుక లేదు, చలికి తట్టుకోదు. వాడేం చేశాడో తెలుసా? తన గొంగడిని నిలువునా సగానికి కోశాడు. దబ్బనంతో కుట్టి, నాడాలు పెట్టి దాని వీపుకు కట్టాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. గొర్రెలు కాసేవాడికి గొంగడి అంటే వానలో ఇల్లు. ఇంటిని కోసుకున్నవాడు బాగుపడతాడా అని తిట్టాను. తిట్లు తగిలాయో ఏమో.

దాని పక్కటెముకలు చూడలేక నేనే ఒక పొద్దు వాడికి తెలియకుండా వెన్న కలిపిన గటక పెట్టాను. పగ ఉంది, నిజమే. కానీ వాకిట్లో ఆకలిగొన్న దాన్ని ఎట్లా చూస్తాను? అది అరగక మూడు రోజులు వాకిలంతా పాడు చేసింది. వాడు కడుగుతూ, నవ్వుతూ, "అమ్మా, దీనికి పక్కబొక్కలు అవుపడితేనే పాణం బాగున్నట్టు," అన్నాడు. ఆ కుక్కకు కుదురుగా కూర్చోవడం కూడా రాదు. వాడు చాపేసుకొని పక్కన కూర్చొని, నడుము మీద చెయ్యి వేసి, మెల్లగా కూర్చోబెట్టేవాడు. "బతుకంత ఉరికినదానికి కూసునుడు మనమే నేర్పాలె," అనేవాడు. గడీలో తనను ఒక్క పొద్దు కూర్చోనిచ్చారా, పాపం.

ఇంక తాడు సంగతి. గొల్లవారింట్లో కుక్కను కట్టెయ్యరు. అది మంద వెంట తిరగాలి, తోడేలును తరమాలి. మెడకు తాడున్న కుక్క దొంగకుక్క, లేకపోతే దొరల కుక్క. మా తాతల నాటి నుంచి అదే మాట. నా కొడుకు మాత్రం దాన్ని తాడు లేకుండా ఇల్లు దాటనిచ్చేవాడు కాదు. "ఇది మంద కుక్క గాదమ్మా. కంటికి ఏదన్న ఉరుకుతా అవుపడిందంటే ఇంటిని మరుస్తది, నన్ను మరుస్తది, కాలు నొప్పిని గూడ మరుస్తది. తాడు గట్టుడు గాదిది. సెయ్యి పట్టుకునుడు," అని చెప్పేవాడు. చెప్పాడు. నేను విన్నాను. విని కూడా చేశాను.

ఆ పొద్దు వాడు మందతో పోయాడు. కుక్క వాకిట్లో గుంజకు కట్టి ఉంది. నా మరిది నలుగురిని వెంటేసుకొని వీధిలో పోతూ ఆగాడు.

"ఏం వదినా, దొర పాయె, గడీ పాయె. గడీ తాడొక్కటి మీ ఇంట్ల మిగిలిందా?"

నేను తల తిప్పుకొని వాకిలి ఊడ్చుకుంటున్నాను.

"గొల్లోని కుక్క మెడకు తాడు నా జల్మల సూడలే. నీ కొడుకు సిన్నదొర అయిండు తియ్! రేపటి సంది మేము గూడ వంగి దండం పెట్టాల్నా?"

నలుగురూ పగలబడి నవ్వారు. నా ముఖం మండిపోయింది. గడీ వెట్టిలో నా కొడుకు వీపు కాయలు కాచింది, వాడు చిన్నదొరా? ఆ కోపాన్ని మరిది మీద చూపాల్సింది. పోయి కుక్క మెడ తాడు విప్పేశాను. "ఇగ గొల్లింటి కుక్కవే నువ్వు. తిరుగు," అన్నాను. దానికేదో మేలు చేస్తున్నాననుకున్నాను కూడా. విప్పినా అది కదల్లేదు. విప్పిన సంగతే దానికి తెలియలేదు. అంతలో జొన్నచేను గట్టు మీద కుందేలు లేచింది. అంతే, వాకిలి ఖాళీ.

పొద్దుగూకే ముందు నా కొడుకు వచ్చాడు. ఉత్త తాడును చూశాడు. నన్ను చూశాడు. "ఎటు దిక్కు పోయిందే?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, ఎందుకు తిట్టలేదురా నన్ను?

వాన మొదలైంది. సగం గొంగడి నెత్తిన వేసుకొని పోయాడు. రెండు రోజులు వెతికి, కోదాడ తొవ్వలో మూడు కోసుల దూరాన ముళ్లకంపలో చిక్కుకొని ఉంటే పట్టుకున్నాడు. చెడ్డ కాలు మళ్లీ వాచింది, నడవలేదు. ఎత్తుకొని నడుస్తుంటే మా ఊరి బండి ఎదురైంది. ఖాళీ బండి. ఆ సంగతి కూడా నాకు వాడే చెప్పాడు, దగ్గుకుంటూ, నవ్వుకుంటూ.

"బండాయన ఏమన్నడో ఎరుకేనా అమ్మా? నువ్వు ఎక్కు, దొర కుక్కను మాత్రం నా బండి ఎక్కియ్య అన్నడు. గట్లయితే కుక్కనే ఎక్కించుకో, నేను నడుస్త అన్న. నోరు తెరిసి సూసిండు!"

ఆ మూడు కోసులూ వానలో, దాన్ని మెడ మీద వేసుకొని నడిచాడు.

ఇంటికొచ్చిన మూడో నాటికి రొమ్ములో నొప్పి, ఒళ్లు పెనంలా కాలింది. పసరు పోశాం, కాపడం పెట్టాం. తగ్గలేదు. అప్పుడు బండి కట్టారు. అదే బండి, అదే మనిషి. నేనూ ఎక్కబోతే నా కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఉండమ్మా. మనిద్దరం లేకుంటే దాన్ని కొట్టి సంపుతరు," అన్నాడు. ఉండిపోయాను. మరిది తోడు పోయాడు. నా కొడుకు దవాఖానలో రెండు రోజులు ఊపిరి అందక కొట్టుకున్నాడట. నేను ఇక్కడ కుక్కకు కాపలా. కన్నతల్లి పక్కన లేకుండా వాడు పోవడానికి కారణం రోగం కాదు, మీరు. మీ మీద నా కొడుకుకు అంత నమ్మకం మరి.

దినాలనాడు అందరూ వచ్చారు. విస్తళ్లు వేసి వడ్డిస్తుంటే నా మరిది గొర్రెలు తోలే కట్టె పట్టుకొని వాకిట్లోకి వచ్చాడు.

"ఇగ సాలు వదినా. ఇంటి పిల్లగాన్ని తిన్నది. ఈ పొద్దే దీన్ని ఖతం చేస్త, నువ్వు లోపటికి పో."

అవునవునన్నారు విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు. కుక్క ఏమీ తెలియక మరిది కట్టెను వాసన చూస్తోంది. నేను కూర గిన్నె కింద పెట్టి ఇద్దరి మధ్యకు పోయాను.

"తాడు ఇప్పింది ఎవలో ఎరుకేనా?" అన్నాను.

"తెంపుకపోయిందన్నవ్ గద?"

"అబద్ధం జెప్పిన. నేను ఇప్పిన, ఈ సేతులతోటి. ఎవల మాటకు ఇప్పిన? నీ మాటకు. సిన్నదొర అన్నవ్ సూడు, ఆ మాటకు. పక్కన నవ్విన నలుగురు గీడనే కూసున్నరు, తినుండ్రి అయ్యా, తినుండ్రి! ఖాళీ బండి పెట్టుకొని ఎక్కియ్యనన్నాయన గా మూలకు ఉన్నడు. ఆయనకింక అన్నం గావాల్నట, ఎవలన్న పెట్టుండ్రి!"

కట్టెకూ కుక్కకూ మధ్య ఇంకో అడుగు ముందుకేశాను.

"ఇంతమందిమి గల్సి సంపినం నా కొడుకును. సంపాలంటే వరుసగ అందరిని సంపు. నాతోటి మొదలువెట్టు. అప్పటిదాంక కుక్క మీద సెయ్యి వడొద్దు."

బండాయన లేచాడు. విస్తట్లో చెయ్యి కడుక్కొని, తల దించుకొని పోయాడు. నా మరిది కట్టెను మా గోడకు ఆనించి పోయాడు. తీసుకుపోవడానికి ఇంకా రాలేదు.

నా కోపం చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు. దొర పట్నంలో చల్లగా ఉన్నాడు, ఇక్కడ ఏం జరిగిందో ఆయనకు తెలియనే తెలియదు. దొర మీద పగను ఊరంతా కుక్క మీద తీర్చుకుంది, అది అందేంత దగ్గర్లో ఉందని. నేనూ అంతే చేశాను, ఒక రాయితో ఒకసారి, తాడు విప్పి ఒకసారి. నా కొడుకు మీదా కోపమే. ఊరందరి మంచితనం నువ్వొక్కడివే మొయ్యాల్నారా? కానీ వెట్టిలో వీపు పగిలినవాడు, ఆ వెట్టి చేయించినవాడి కుక్కను సాకాడు. అంత మనిషిని నేను కన్నాను. అదొక్కటే నాకు మిగిలింది.

ఇప్పుడు పొద్దున్నే దాన్ని నేనే తిప్పుతున్నాను. నిన్న చెరువు కింది పొలాల గట్టున పోతుంటే ముందర తుప్పలోంచి కుందేలు లేచింది. కుంటి కాలు మరిచి కుక్క ఒక్క లాగు లాగింది. మోకాళ్ల మీద పడ్డాను. తాడు అరచేతిని కోసుకుంటూ పోయింది, వదల్లేదు. అది లాగి లాగి, ఒళ్లంతా వణుకుతూ నిలబడిపోయింది. నేను లేచి దాని పక్కన నిలబడ్డాను. కుందేలు సూర్యాపేట తొవ్వ వైపు పోయింది. గడ్డి కదలడం కూడా ఆగిపోయింది. మేమిద్దరం చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాం.