పెరట్లో పాతిన గుడ్డముక్కలు

ఉప్పల్‌కింకా మెట్రో రాని రోజులు. నాచారంలో నేను అద్దెకున్న గది వెనక, బచ్చలిపాదు పక్కన, నా పాత బట్టల ముక్కలు పాతిపెట్టాను. నూలు, ఉన్ని, టెరిలిన్, ఒక్కోటీ విడిగా. నా ఉద్యోగం ఫోరెన్సిక్ ల్యాబులో. మట్టిలోంచి తీసిన ఎముకలకు అంటుకున్న పోగుల్ని మైక్రోస్కోపు కింద చూసి ఫలానా బట్ట అని చెప్పాలి. ఏ గుడ్డ మట్టిలో ఎన్నాళ్లుంటుందో నా కళ్లతో చూడాలనుకున్నాను. ఓనరమ్మకు చెప్పలేదు. ఒక్కతే ఉండే ముసలామె. చెప్పడానికి మా మధ్య మాటలుంటేగా! కోస్తా నుంచి వచ్చి ఏళ్లు గడిచినా బస్సు కండక్టరు తప్ప నన్ను పలకరించే మనిషి లేడు.

వానలయ్యాక పాదు తవ్వుతుంటే ఆమె పారకు ఎర్ర టెరిలిన్ ముక్క తగిలింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా ట్రంకుపెట్టె వాకిట్లో ఉంది.

"బాణామతి జేస్తవా నా ఇంట్ల? నీకేం పాపం జేసిన? నడువు బయటికి!"

ఒళ్లు మండిపోయింది. చదువుకున్నవాణ్ణి పట్టుకుని చేతబడి చేశానంటుందా! కానీ ఎక్కడికి పోను? అసలే దిక్కులేనివాణ్ణి, గోరుచుట్టు మీద రోకటిపోటు. కోపం దిగమింగి, పార అందుకుని ఆమె ముందే అన్నీ తవ్వాను. నూలు పాతినచోట మట్టి తప్ప ఏమీ లేదు. ఉన్ని పీలికలైంది. టెరిలిన్ మాత్రం రంగు కూడా పోలేదు.

"ఎముకల మీద ఇలాంటివే వెతుకుతాను పెద్దమ్మా, పోయిన మనిషి ఎవరో ఇంటివాళ్లకు చెప్పడానికి" అన్నాను.

ఆమె అక్కడే చతికిలబడింది.

"మా ఇంటాయనను మట్టిల వెట్టినప్పుడు నా నూలుచీర కప్పిన. అది సుత మట్టిల గలిసిందా?"

రిపోర్టులో అయితే 'మిగలదు' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆమె మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "ఆయన ఒంటిమీద రాగి ఏమైనా ఉందా?" అని అడిగాను.

"కీళ్లనొప్పులకని కడెం ఏసుకుంటుండె. సేతికి బిగిసి రాలే. గట్లనే పెట్టినం."

"రాగి చిలుము పట్టినచోట గుడ్డ తొందరగా కుళ్లదు. కడియానికి ఆనుకున్న పోగులు కొన్ని మిగిలుండొచ్చు." ఓదార్పు కోసం అన్న మాట కాదు, ల్యాబులో నేను చూసిందే.

"ఆయన సేతికాడ్నే?"

"చేతి దగ్గరే."

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. నా పెట్టెకు ఒక పక్క చెయ్యి వేసింది.

"పట్టు బిడ్డా, లోపట పెడదాం."

గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. ఆనవాలు లేకుండా పోయిన ఆ నూలుముక్క నా చొక్కాదే. అది మిగిలిందా అని అడిగేవాళ్లు నాకెవరూ లేరు.