చెప్పులు వేసుకుంటూ చెప్పే మాట

గడిచిన నెల, ఒక మంగళవారం నా భార్య కాలం చేసింది. ఆ పొద్దున రాగి సంగటి చేసింది. మొక్కలకు నీళ్లు పోసింది. పక్కింటామె కోసం ఒక ఈమెయిలు పంపింది. మధ్యాహ్నం గుండెలో మంటగా ఉందన్నది. మాది తమిళనాడులో నల్లంపల్లి; అక్కడి నుంచి ధర్మపురి ఆసుపత్రికి చేరేలోపే, ఆటోలో పోయింది.

కాలేజీ ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషి. ఇంట్లో తెలుగు, ఈమెయిళ్లు తమిళం. మా వీధిలో ఎవరికి ఏ ఆఫీసుతో పని పడినా మా ఇంటికే వచ్చేవాళ్లు. ఆమె రాస్తే జవాబు వచ్చేది.

మా వాళ్లెవరూ వచ్చిన పని నేరుగా చెప్పరు. కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, వానల గురించి, టమాటా ధర గురించి మాట్లాడతారు. లేచి, గడప దగ్గర కాలితో చెప్పులు వెతుక్కుంటూ, "అన్నట్టు అక్కా..." అంటారు. అంతవరకు ఆమె ఒక్క అక్షరం కొట్టేది కాదు.

"చెప్పులు వేసుకుంటూ చెప్పేదే మెయిలుకు మొదటి వరుస. మజ్జిగ తాగుతూ చెప్పిందంతా మనకు, ఆఫీసరుకు కాదు" అనేది.

ఒకసారి వీధి దీపం కోసం నేనే రాసినాను. చదివి నవ్వింది.

"మీ తాత ఈ వీధికి ఎప్పుడు వచ్చినాడో తెలిసింది. దీపం ఎప్పుడు వస్తుంది?"

"మర్యాదకు రాసినాను."

"వాళ్ల పొద్దు మింగకుండా ఉండేదే మర్యాద."

రెండు వరుసలకు కుదించింది. దీపం వచ్చింది. మా తాత రాలేదు.

ఒక మెయిల్లో ఒక్కటే అడిగేది. రెండు అడిగితే సులువైనదానికి జవాబిచ్చి రెండోది మరిచిపోతారట. జవాబు రాకపోతే నిష్ఠూరం ఉండదు. కొన్నాళ్లు ఆగి, అదే మెయిలు మళ్లీ పంపేది, పైన ఒక వరుస చేర్చి: 'ఔను, కాదు అన్నా చాలు.'

ఆ చివరి మెయిలు బస్సు డిపో మేనేజరుకు. సాయంత్రం బస్సు మా మలుపులో ఆగదు. కాలేజీ నుంచి వచ్చే పక్కింటి పాప మలుపు దాటినాక వచ్చే స్టాపులో దిగి, లారీల పక్కన హైవే మీద వెనక్కి నడవాలి. దానికి ఇంకా జవాబు లేదు.

నిన్న పక్కింటామె పలకరించడానికి వచ్చింది. మజ్జిగ ఇచ్చినాను.

"అక్క ఉప్పు ఎక్కువ వేసేది బావా. మీరు అసలు వేయలేదే" అని ఏడుస్తూనే నవ్వింది. చాలాసేపు నా భార్య మాటలే చెప్పుకున్నాం. తర్వాత లేచి వెళ్లి, ఒక చెప్పు వేసుకుని, ఆగింది.

"ఏమమ్మా?"

"ఏమీ లేదులే బావా. ఇప్పుడు అడిగేది కాదు."

"అడుగమ్మా. గడప దాకా పోయినావు కదా."

కళ్లు తుడుచుకుంది. "పాప నిన్న కూడా నడిచే వచ్చింది. మన మలుపులో బస్సు నిలుపుతారా?"

రేపు పొద్దున, మేనేజరు టీ తాగి కూర్చునే వేళకు, నా భార్య రాసిన మెయిలునే నా పేరుతో మళ్లీ పంపుతాను. పంపేముందు గడప దగ్గర నిలబడి, చెప్పులు వేసుకుంటూ, మొదటి వరుస ఒకసారి పైకి చదువుకుంటాను.