మూడో పాటలో తెలుగు

పోయిన చలికాలంలో ఒక సోమవారం పొద్దున, హౌరా నుంచి నది దాటే లాంచీలో నిలబడి, అంతమంది జనం మధ్య "అమ్మా?" అని గట్టిగా అనేశాను. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తి, "కీ హొలో, దిదీ?" అని అడిగాడు. ఏమైందో నాకే తెలియలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. అమ్మ దగ్గర్నుంచి కాల్ ఏమీ లేదు. పాట నడుస్తోంది.

ఆ పాట పంపింది కాలేజీలో నాతో చదువుకున్న బెంగాలీ స్నేహితురాలు. "వీళ్ళు ఇంకా ఉన్నారు! కొత్త ఆల్బమ్. విను" అని ముందురోజు లింకు పెట్టింది. బ్యాండు పేరు చూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

మేం చదువుకునే రోజుల్లో కలకత్తాలో బెంగాలీలో హెవీ మెటల్ వాయించే కుర్రాళ్ళ గుంపులు కొన్ని ఉండేవి. అందులో ఈ నలుగురూ మావాళ్ళు. ఏ కాలేజీ పండగలో వాయించినా, ఏ పాత హాల్లో వాయించినా, మేమిద్దరం ముందు వరసలో ఉండేవాళ్ళం. పరుగులాంటి సంగీతం వాళ్ళది. గాయకుడు పాడేవాడు కాదు, గొంతు చీరుకుపోయేలా గర్జించేవాడు. మర్నాడు నా మెడ తిరిగేది కాదు. సంగతి తెలియని మా అమ్మ మందు రాస్తూ, "సదువుకుంటే మెడ పట్టేస్తాదేటే?" అని ఆశ్చర్యపోయేది.

వాళ్ళలో బేస్ గిటార్ వాయించే అబ్బాయి సన్నగా, మొహం మీద జుట్టేసుకుని ఉండేవాడు. ప్రోగ్రాం అయ్యాక వైర్లు చుట్టేది అతనే. మేమూ సాయం పట్టేవాళ్ళం. నాకంటే ఏడాది చిన్న కాబట్టి నన్ను దిదీ అనేవాడు. మాటలన్నీ బెంగాలీలోనే. టికియాపారాలో ఉంటాడని తెలుసు, అంతకుమించి తెలియదు. తర్వాత గిటారిస్టు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, బ్యాండు మాట వినబడటం మానేసింది. నాకు పెళ్ళి, ఉద్యోగం, పాప. మెటల్ మానేద్దామని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంట్లో అంత గట్టిగా పెట్టుకుని వినే గంట దొరకలేదు.

లాంచీలో మొదటి పాట పెట్టగానే నీరుగారిపోయాను. నెమ్మదిగా ఉంది. ముసలివాళ్ళయిపోయారు అనుకున్నాను. రెండో పాట సగానికి వచ్చేసరికి అర్థమైంది, అది నీరసం కాదు, బరువు. లిలువాలో మా రైల్వే క్వార్టర్ల వెనకనుంచి నిండు గూడ్సుబండి మెల్లగా పోతుంటే మంచం కూడా సన్నగా వణికేది. అలా ఉంది. గాయకుడు గర్జించడం మానేసి మామూలు గొంతుతో పాడుతున్నాడు. ఆ గొంతు ఇంత బాగుంటుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. అంతలో మూడో పాట మొదలైంది. అందులో ఒకచోట డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడమనిషి అరిచింది:

"ఒరే గుంటడా, ఆపరా! సెవులు సిల్లులు పడిపోతన్నాయి. బువ్వ సల్లారిపోతంది, తినేసి వాయించుకో!"

అప్పుడే నేను "అమ్మా?" అన్నది.

ఆఫీసు మెట్ల మీద నిలబడి మళ్ళీ విన్నాను. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తియ్యకుండా మళ్ళీ విన్నాను. ఏం రాబోతోందో తెలిసీ ప్రతిసారీ ఒళ్ళు ఝల్లుమంది. అది టీవీలో వినే తెలుగు కాదు, కొత్తగా ఉద్యోగాలకు వస్తున్న హైదరాబాదు పిల్లల తెలుగూ కాదు. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి రైల్వే పనికి వచ్చిన మా వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. గుమ్మం దాటితే మాకు హిందీ, బెంగాలీ. ఈ భాషను బయట ఎవరైనా వింటారని కూడా మేమనుకోలేదు. మా అమ్మ ఇంట్లో కట్టుకునే నలిగిన చీరతోనే స్టేజీ మధ్యకు వచ్చి నిలబడినట్టయింది నాకు.

ఉండబట్టలేక బ్యాండు పేజీకి బెంగాలీలో రాశాను: "మూడో పాటలో అరిచినావిడ ఎవరు? ఏ ఊరు?" నా పేరు రాసి, పాత ముందు వరస సంగతీ రాశాను.

సాయంత్రం పప్పు తాలింపు పెడుతుంటే జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో. "మా అమ్మ, అప్పా."

అప్ప అంటే మా వైపు అక్క. ఆవాలు మాడిపోయాయి. జవాబు కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను. అతనే, బేస్ అబ్బాయి.

"నువ్వు తెలుగువాడివా?" అన్నాను. హలో కూడా అనలేదు.

"అవునప్పా. నువ్వు తెలుగని నాకప్పుడే తెలుసు. ఓసారి మీ నాన్నగారు కాలేజీ గేటు కాడికి వచ్చి, 'ఎల్దామేటమ్మా' అన్నారు. నాను ఆ పక్కనే వైర్లు సుడతన్నాను."

"మరి చెప్పలేదేం?"

"ఏటని సెప్పాలి? అందరూ ఉన్నారు. తర్వాత సెప్దామనుకున్నాను. తర్వాత నువ్వు రాలేదు."

అన్నేళ్ళు పక్కపక్కన నిలబడి బెంగాలీలో మాట్లాడుకున్నాం. హౌరా నుంచి బయల్దేరితే ఒక లైనులో మొదటి స్టేషను లిలువా, ఇంకో లైనులో మొదటి స్టేషను టికియాపారా. అంత దగ్గర. నాకు నవ్వూ వచ్చింది, ఒకలాంటి భయమూ వేసింది. పక్కవాళ్ళ గురించి మనకేం తెలుసని.

"మీ అమ్మగారిని చూడాలి నేను. ఆవిడతో మాట్లాడాలి" అన్నాను.

 "ఆదివారం రా, అప్పా" అన్నాడు.

అతనికి జుట్టు పలచబడింది, కళ్ళజోడు వచ్చింది. స్టేషనుకు ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. తండ్రి పోయాక ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి మొహమంతా నవ్వుతో, "ఏటి!" అంది.

ఏదో అడగబోతోందని ఆగాను. ఆవిడ ఎడంచేత్తో మంచం చూపించి మళ్ళీ, "ఏటి, ఏటి" అంది. కూర్చోమని. అప్పుడు చూశాను, కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా పడి ఉంది.

"పచ్చవాతం అప్పా," అన్నాడు అతను, టీ గ్లాసు నా చేతికిస్తూ. "మాట మెల్లగా వస్తాదన్నారు డాక్టరు. వచ్చింది ఆ ఒక్క మాటే. హిందీ, బెంగాలీ అన్నీ పోయినాయి. ఇదొక్కటే మిగిలింది."

 వారమంతా ఆ గొంతు వింటూ, వెళ్ళగానే ఆవిడ నన్ను ఏ ఊరు, ఎవరి పిల్లవు అని గుక్కతిప్పుకోకుండా అడుగుతుందని ఊహించుకుంటూ వచ్చాను.

"మరి ఆ పాట?" అన్నాను.

"అది పాత క్యాసెట్టు. ఇదే గదిలో ప్రాక్టీసు సేస్తంటే రికార్డు పెట్టినాను. మధ్యలో వచ్చి తిట్టింది. ఈవిడ మాట పోయినాక బీరువాలో దొరికింది." తల్లి చీరకొంగు సర్దాడు. "అప్పా, ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది నానొక్కణ్ణే ఇప్పుడు. నాకూ ఎక్కువ రాదు. నువ్వు కాసేపు మాట్లాడు. ఆవిడకన్నీ అర్థమవుతాయి."

ఏం మాట్లాడాలో తోచక మా నాన్న ఊరితో మొదలుపెట్టాను. మా నాయనమ్మ జీడిపిక్కలు కాల్చి చేతులు నల్లగా చేసుకోవడం చెప్పాను. మా పాప తెలుగులో ఆడా మగా కలిపేసి "అమ్మ వచ్చాడు, తాతయ్య వచ్చింది" అంటుందని చెప్పాను. ఆవిడ "ఏటి!" అని పడీపడీ నవ్వింది. మా ఆయన వంట చేస్తాడంటే నమ్మకుండా "ఏటీ?" అంది. నేను టీ తాగకుండా పక్కన పెట్టానని కోప్పడింది, ఆ మాటతోనే. కాసేపటికి ఆవిడ ఒక్కో "ఏటి"లో ఏమడుగుతోందో తెలిసినట్టే నేను జవాబులు చెప్పడం మొదలుపెట్టాను.

"పాట వినిపించావా ఈవిడకి?" అని అతన్ని అడిగాను.

"లేదప్పా. ధైర్యం సాల్లేదు."

ఆవిడకు వినబడింది. "ఏటి?" అంటూ కొడుకు వైపు చెయ్యి చాచింది. వదల్లేదు. చివరికి అతను ఫోనును స్పీకరుకు కలిపి పెట్టాడు. గిటార్లకు ఆవిడ మొహం చిట్లించింది. అన్నీ ఆగాయి. ఆ గొంతు వచ్చింది.

ఆవిడ ముందు నావైపు చూసింది, నేనే అరిచానేమోనని. తర్వాత గుమ్మం వైపు చూసింది. తర్వాత ఎడంచెయ్యి మెల్లగా పైకెత్తి తన గొంతు మీద పెట్టుకుంది. "ఏటి" అంది, చాలా చిన్నగా.

నేను తల దించుకున్నాను. అతను గబుక్కున పాట ఆపేశాడు. ఆవిడ కుర్చీ చేతి మీద ఫట్‌మని కొట్టింది. "ఏటి!"

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లు విన్నదో. ప్రతిసారీ ఆ నిశ్శబ్దం వచ్చేముందు ఆవిడ ముందుకు వంగి కూర్చునేది. చివరికి తృప్తిగా వెనక్కి వాలి, వంటింటి వైపు వేలు చూపించి, నన్ను చూపించింది. భోజనం చెయ్యకుండా వెళ్ళడానికి వీల్లేదని. చేపల పులుసుతో తిన్నాను.

స్టేషనుకు నాతో నడుస్తూ అతను అడిగాడు. "ఆల్బమ్ ఎలాగుందప్పా?"

"నిజం చెప్పనా? మూడో పాట దాటలేదు."

ఆగిపోయాడు. ఇల్లు విడిచాక మొదటిసారి బెంగాలీలోకి మారిపోయి, బేస్ అసలు వినబడేదే ఐదో పాటలోనని, అది వినకుండా తన ఇంటికి ఎలా వచ్చానని నిజంగానే కోప్పడ్డాడు.

లోకల్ రైల్లో కూర్చుని ఐదో పాట పెట్టాను. బేస్ ఒక్కటే మొదలైంది. నిమిషం పైగా ఇంకేదీ లేదు. అప్పట్లో మిగతావాళ్ళ గోలలో అతను ఏం వాయించేవాడో మేమెప్పుడూ వినిపించుకోలేదు. ఇంత బాగా వాయిస్తాడా! తర్వాత మిగిలిన ముగ్గురూ ఒక్కసారిగా వచ్చి పడ్డారు, పాత రోజుల పరుగుతో.  హౌరా ఎప్పుడొచ్చిందో తెలియదు. బోగీ ఊడ్చేవాళ్ళు ఎక్కి, "దిదీ, నామున", దిగండి, అని భుజం తట్టేదాకా అలాగే కూర్చుని ఉన్నాను.