చినమేడవారి వీధికి వేసిన గ్రేడు

ఉదయం ఏడింటికి విశాఖపట్నంలో పాసింజరు ఎక్కాను. కోరాపుట్, రాయగడ పట్టణాల్లో వీధులు నడిచి చూసి, శుభ్రతకు ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడు వేయడం నా ఒప్పంద ఉద్యోగం. ఒకటి మేలు, నాలుగు నాసి. మొదటి గ్రేడు వచ్చిన వీధి మొదట్లో దాని పేరు చెక్కిన రాతిపలక పెడతారు. ఈసారి చూడవలసిన వాటిలో రాయగడ చినమేడవారి వీధి ఉంది. ఆ చినమేడవారం మేమే. కొండపల్లెల శిస్తు వసూలు చేసిన ముఠాదారు మా ముత్తాత. మేడ పోయింది, భూములు పోయాయి. ఆ పేరు ఒక్కసారి రాతి మీద చూసుకోవాలనిపించింది.

బొర్రా దగ్గర సొరంగాల్లో చీకటీ వెలుతురూ మారుతుంటే ఏది నిద్రో, ఏది మెలకువో తెలియలేదు. మధ్యాహ్నానికి కోరాపుట్ చేరి, బస్టాండు పక్క లాడ్జిలో దిగాను. మర్నాడు తెల్లవారి బయటికొస్తే నా చెప్పులే నాకు కనబడనంత మంచు. ఆ మంచులో అన్ని వీధులూ మొదటి గ్రేడువే. టీకొట్టు బెంచీ మీద ఎండ కోసం కూర్చున్నాను. మంచు పలచబడేకొద్దీ పాల సంచులు, చిప్స్ కవర్లు ఒక్కొక్కటే తేలి వచ్చాయి.

పని ముగించి రాయగడ బండి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. కొండలు మనతోపాటే కదులుతాయి. ఎదుటి సీట్లో గుణుపూర్ రైతు నా పని విని నవ్వాడు.

"సెత్తకి మార్కులేటి బాబూ! మా ఇంటికి మాత్రం రాకండి, మా ఆడది గెంటేత్తాది."

రాయగడలో రాత్రి బస. పొద్దున్నే మా వీధికి వెళ్ళాను. మలుపులో బజ్జీల బండి దగ్గర పైడమ్మ అనే ఆవిడ నా చేతిలో గ్రేడుల కాగితం చూసి పలకరించింది.

"మా ఈదికి ఒకటెయ్యండి బాబూ. పలక పెడితే నలుగురాగుతారు, నా బేరం బాగుంటాది."

"చినమేడవారంటే ఎవరు?" అన్నాను.

"ఎవులో గొప్పోలంట. ఉన్నారో పోయేరో."

వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. రాలిన ఆకులు, పూలు లెక్కలోకి రావు. లేత ఎండలో ఏవో పల్లకీలు కదిలినట్టయింది. మెరిసినవి మాత్రం కాలువ నిండా గుట్కా పొట్లాలు. ఒకటి వేసినా అడిగేవారు లేరు. కానీ చినమేడవారు ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోలేదు. మూడు వేసి, మలుపుకి తిరిగొచ్చి పైడమ్మకి చెప్పాను.

"మూడా! మామీద ఏటి పగ మీకు? పేరు సెప్పండి, ఆఫీసులో రిపోర్టు సేత్తాను!"

ఇంటిపేరుతో సహా చెప్పాను. పైడమ్మ జల్లిగరిటె కాలువ వైపు చూపించింది.

"అయితే మీ ఈది సెత్త మేమెత్తాలేటి?"

నడుం వంచి మొదటి పొట్లం తీశాను. ఇంత చేసినా వేసిన గ్రేడు మారదు.

సాయంత్రం విజయనగరం బండిలో కొండలు నీలంగా కరిగిపోతుంటే హాయిగా నిద్ర పట్టింది. రాయగడ వెళ్తే ఆ మలుపులో బజ్జీలు తినండి. కాగితం మాత్రం కింద పడేయకండి. అది మా వీధి.