పొగ లేచే ఇంటికే చర్చి తాళంచెవి

ఒనోరియో బస్సు ఎక్కినవాళ్ళకి మొదటి అరగంటలోనే రెండు సంగతులు తెలిసిపోతాయి. ఒకటి, అతనికి ప్రతి మలుపులోనూ హారన్ కొట్టే జబ్బుంది. రెండు, అతని దృష్టిలో వాల్దెరుబియాని మించిన ఊరు భూమ్మీద లేదు.

శనివారం పొద్దున మాడ్రిడ్‌లో ఇరవై రెండు మందిని ఎక్కించుకుంటాడు. సగంమంది రిటైరైన పంతుళ్ళు, మిగతా సగం బ్యాంకు గుమాస్తాలు. పేరున్న నగరాలన్నీ తిరిగేసి, ఎవరూ పోని పాత ఊళ్ళు చూడాలని బయల్దేరినవాళ్ళు. ఆ రోజుకి బెర్లాంగా కోట, కలతన్యాసోర్ రాళ్ళ వీధి, ఓ సత్రంలో పడక. ఆదివారం పదకొండింటికి వాల్దెరుబియా. అక్కడ ఎనిమిది వందల ఏళ్ళనాటి చర్చి ఒకటీ, మనుషులు ఏడుగురూ ఉన్నారు. ఎనిమిదోవాణ్ణి నేనే అంటాడు ఒనోరియో. ఊళ్ళో ఇంకెవరూ అనరు.

పుట్టింది అక్కడే. తండ్రి గొర్రెల కాపరి. పద్నాలుగో ఏట సోరియా పట్నంలో మెకానిక్ షెడ్డుకి పోయాడు, తర్వాత బడి బస్సు డ్రైవరయ్యాడు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ పిల్లల్ని పట్నం బడికి మోసేవాడు. మొదట్లో నలభై మంది. కొన్నేళ్ళకి తొమ్మిది. చివరి ఏడాది ఒక్క పిల్ల, అంత పెద్ద బస్సులో అతని వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఎక్కాలు అప్పజెప్పేది. ఆ పిల్ల ఆరో తరగతికి హాస్టల్లో చేరగానే ఆ రూటు ఎత్తేశారు. అప్పటినుంచీ ఈ శని, ఆదివారాల బస్సు.

మైకు చేతికొస్తే చాలు, వాళ్ళమ్మ గొర్రెకొవ్వులో వేయించిన రొట్టెపొడి దగ్గర మొదలుపెడతాడు. మంచుకి తలుపు తెరుచుకోక కిటికీలోంచి బడికి దూకిన రోజులూ, మంద ఇంటికొస్తుంటే వీధంతా మోగే గంటలూ. "మా ఇల్లు చర్చికి మూడో గుమ్మం" అంటాడు. తల్లి పోయాక ఆ ఇంట్లో అతను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క రాత్రి కూడా పడుకోలేదని మాత్రం అనడు.

ఆ అక్టోబరు ఆదివారం, జనమంతా చర్చి చూసి బయటికొచ్చాక, తలుపు తాళం వేసిన కసిల్దా తాళంచెవిని ఒనోరియో ముందుకి చాపింది. జానెడు పొడుగు ఇనుపది. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు.

"ఒరే ఒనోరియో, ఇంక నా వల్ల కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు తీశాను ఈ తలుపు. ఇంటింటి వంతులో తర్వాతి ఇల్లు నీది. పట్టు."

"నాదేంటక్కా? మా ఇంటికి తాళం కదా..."

"అదేగా నా బాధ! తాళం తియ్యి, పొయ్యి వెలిగించు, పడుకో. పొగ లేవని ఇంట్లో ఈ తాళంచెవి ఉండకూడదని నీకు నేను చెప్పాలా?"

"ఫోర్తునాతోకి ఇవ్వరాదూ?"

ఎదురు అరుగు మీద ఎండ కాగుతున్న ఫోర్తునాతో కర్ర ఊపాడు. "మా ఇంటి వంతు మా అమ్మతోనే అయిపోయింది. పందొమ్మిదేళ్ళు మోసింది. నా జోలికి రాకు."

"కాదన్నావనుకో," అంది కసిల్దా, "రేపు పట్నంలో ఫాదర్‌కి అప్పజెప్పేస్తా. ఆయన ఆగస్టు పండక్కి ఒక్కరోజు తీస్తాడు. మిగతా ఏడాదంతా నీ జనం బయటి గోడ చూసి పోతారు. ప్రతివారం మైకులో ఊరిని అమ్ముకుంటావే, ఇక్కడొక రాత్రి పడుకోడానికి నీకేం రోగం?"

ఇరవై రెండు మందీ వింటున్నారు. వాళ్ళలో లెయొకాదియా అనే పంతులమ్మ, పాపం, మంచికే అంది: "ఇల్లు మూడో గుమ్మమేగా డ్రైవర్ గారూ? చూపించండి, చూస్తాం."

ఒనోరియో చెవులు ఎర్రబడ్డాయి. తాళం తీశాడు గానీ తలుపు ఉబ్బిపోయి ఉంది, ముగ్గురు భుజాలు పెట్టి తోస్తే లోపలికి పడినంత పనైంది. గోడకి తల్లి చనిపోయిన ఏడాది నాటి క్యాలెండర్. మేకుకి తల్లి నల్ల పెనం. అతను ఎవరి మొహమూ చూడకుండా, మూలనున్న ఎండుకొమ్మలు పొయ్యిలో పేర్చి అగ్గిపుల్ల గీశాడు.

పొగ ఒక్క నిమిషం పొగగొట్టం వైపు చూసి, మనసు మార్చుకుని గదిలోకి తిరిగింది. ఇరవై రెండు మందీ దగ్గుకుంటూ వీధిలో పడ్డారు. కసిల్దా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"చెల్లదు," అన్నాడు ఫోర్తునాతో. "తలుపులోంచి వచ్చింది."

"పొగ పొగే కదండీ!" అన్నాడు ఒక గుమాస్తా.

"మీ మాడ్రిడ్‌లో చెల్లుతుందేమో. ఇక్కడ పైనించి రావాలి."

కసిల్దా తాళంచెవిని జేబులో దోపుకుంది. "బుధవారం దాకా చూస్తా. ఆ తర్వాత ఫాదర్‌కే."

తిరుగు ప్రయాణంలో ఒనోరియో మైకు ముట్టుకోలేదు. "ఇవాళ కథల్లేవా?" అని అడిగింది లెయొకాదియా. "ఉన్నవి అయిపోయాయమ్మా," అన్నాడు. నిజంగానే అయిపోయాయి. అతను చెప్పే కథలన్నీ తనకి పద్నాలుగేళ్ళు రాకముందువే.

మంగళవారం కారులో ఒక్కడే తిరిగొచ్చి, నిచ్చెన అరువు తెచ్చుకుని ఇంటి కప్పు ఎక్కాడు. పొగగొట్టం నిండా కాకులు పెట్టిన గూళ్ళు, ఒకదాని మీద ఒకటి. కొక్కెం వేసి లాగుతుంటే పద్నాలుగు తట్టల పుల్లలొచ్చాయి. పై గూళ్ళలో ప్లాస్టిక్ పోగులు, సిగరెట్ రేకులు. కిందివాటిలో మెత్తగా గొర్రెబొచ్చు. ఊళ్ళో చివరి మంద అమ్ముడుపోయి పద్దెనిమిదేళ్ళు. ఒనోరియో ఆ బొచ్చుని వాసన చూశాడు. ఇంకా ఉంది వాసన. అలాగే పట్టుకుని కప్పు మీద కూర్చుండిపోయాడు.

"గుడ్లు పెడుతున్నావా అక్కడ?" కింద నుంచి ఫోర్తునాతో అరిచాడు. "దిగి వెలిగించు!"

నాలుగింటికి పొగ నిటారుగా లేచింది. ఫోర్తునాతో తల వెనక్కి వంచి చాలాసేపు చూసి, ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు. "కొంచెం వంకర. అయినా సరే, చెల్లుతుంది."

కసిల్దా అతన్ని నేరుగా చర్చి గుమ్మానికి నడిపించి, తాళంచెవి చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడ తీస్తుంటే చూడ్డమే గానీ ఒనోరియో ఎప్పుడూ తియ్యలేదు. మొదటిసారి తిరగలేదు. రెండోసారి సగంలో ఇరుక్కుంది.

"గేరు వేసినట్టు గుంజకురా! మోకాలితో తలుపుని పైకెత్తు. ఇప్పుడు తిప్పు. మెల్లిగా, మెల్లిగా."

తాళం లోపల ఏదో బరువుగా దొర్లింది. తలుపు తెరుచుకుంది.

"నువ్వూ రా అక్కా."

"నేను చూడందేముంది లోపల?" అంది కసిల్దా. అని, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి, ఏమీ తగలక, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు తీసి నడుంమీద పెట్టుకుంది. "మూసి చూపించు. తియ్యడం ఎవడైనా తీస్తాడు."

మూయడం నిజంగానే ఇంకా కష్టం. నాలుగోసారికి పడింది.

అప్పుడు ఒనోరియో పరుపు తెచ్చుకోడానికి కారులో సోరియా బయల్దేరాడు. తాళంచెవి మాత్రం పొయ్యి పక్కన మేకుకి తగిలించి, పొయ్యిలో రెండు దుంగలు ఎక్కువ వేసి, తను వచ్చేదాకా పొగ ఆగకుండా చూడమని ఫోర్తునాతోకి చెప్పి మరీ వెళ్ళాడు.